రెండంగుళాలు ముందుకు

ఎక్స్‌రే గది తలుపు పైన ఎర్రబల్బు వెలిగింది. లోపల మేనకోడలు ఎడమచెయ్యి బల్ల మీద చాపి, కదలొద్దని చెప్పి ఉంటారు కాబట్టి కదలకుండా, ఊపిరి కూడా బిగబట్టి కూర్చుని ఉంటుంది. ఆ పిల్ల తీరే అంత, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, అందులోనూ మామయ్య చెప్తే ఎదురు ప్రశ్న ఉండదు. బయట బెంచీ మీద అతను ఆమె సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. సంచిలో గ్లవ్స్ పొద్దుటి చెమటతో ఇంకా తడిగానే ఉండాలి, వాసన వస్తోంది, పక్కనున్న పెద్దావిడ ఇందాకే ముక్కు చిట్లించి కాస్త అవతలికి జరిగింది. వాసన తెలుస్తోంది. తడి తెలియడం లేదు. రెండు అరచేతులూ సంచి మీదే ఉన్నాయి, అయినా తెలియడం లేదు, ఆరు నెలలుగానో ఎనిమిది నెలలుగానో ఆ చేతులకి తడీ పొడీ, వేడీ చల్లనా, గరుకూ నునుపూ ఏదీ తెలియడం లేదు, ఆ సంగతి ఇంతవరకూ అతనొక్కడికే తెలుసు. పిల్ల బయటికొచ్చేలోపు దాన్ని ఆమెకి చెప్పడమా మానడమా అన్నది తేల్చుకోవాలి.

భయం రావాలి కదా, అనుకున్నాడు. పొద్దున రింగు పక్కన ఆమె చిన్న కేక కూడా వేయకుండా మోకాళ్ళ మీద కూలబడి, ఎడమచేతిని పొట్టకి అదుముకున్నప్పుడే రావాల్సింది. రాలేదు. ఆమె పళ్ళతో గ్లవ్ తాడు లాగబోతుంటే తనే వంగి విప్పాడు, వేళ్ళకి తాడు దొరకలేదు, రెండుసార్లు జారింది, మూడోసారి కళ్ళతో చూసుకుంటూ విప్పాడు, అప్పుడు కూడా తాడు గురించే ఆలోచించాడు గానీ ఆమె చెయ్యి గురించి కాదు. టాక్సీలో వస్తుందేమో అనుకున్నాడు. ఆమె కిటికీ వైపు తల తిప్పుకుని, "సారీ మామయ్యా, నేనే ఆలస్యంగా తిప్పినట్టున్నా" అంది. ఆ మాటకైనా మనిషన్నవాడికి గుండె కలుక్కుమనాలి. టాక్సీ సిగ్నల్ దగ్గర ఆగింది, ఎరుపు పోయి పచ్చ వచ్చింది, బండి కదిలింది, అతను "ముందు ఎక్స్‌రే తీయనీ" అన్నాడు, గొంతు మామూలుగానే పలికింది. సిగ్గు మాత్రం ఉంది. ఉందని తెలుసు, ఒంటికి పట్టడం లేదు అంతే, పక్కవాళ్ళెవరిదో సిగ్గు కాసేపు చూస్తుండమని తనకిచ్చి వెళ్ళినట్టుంది. ఎదురుగోడకి అతికించిన తెల్లపలకలు లెక్కపెట్టాడు. అడ్డంగా పద్నాలుగు, నిలువుగా తొమ్మిది, కింది వరసలో ఒకటి పగిలి ఉంది.

జిమ్‌లో అందరూ అతన్ని త్రాసు అంటారు. పాతికేళ్ళ కిందట ఎవరో ఆటపట్టించడానికి పెట్టిన పేరు, ఇప్పుడు కొత్తగా చేరేవాళ్ళు అదే అసలు పేరనుకుంటున్నారు, మొన్నామధ్య ఒకతను మర్యాదగా "త్రాసుగారూ" అని కూడా పిలిచాడు. బాక్సర్‌గా తను ఎందుకూ కొరగాలేదు. పదకొండు పోటీల్లో తొమ్మిది ఓడాడు, గెలిచిన రెంటిలో ఒకటి అవతలివాడు జ్వరం తగిలి రాకపోవడం వల్ల గెలిచింది, ఆ గెలుపు ఫొటో ఇంట్లో ఇప్పటికీ ఉంది, భార్య దాన్ని చూసినప్పుడల్లా ఆ జ్వరం పుణ్యమే అంటుంది. చివరికి గురువుగారు పిలిచి, "నీకు కొట్టడం రాదురా, కానీ నీ చేతులకి వినడం వచ్చు" అని ప్యాడ్లు తొడిగారు. అరచేతికి తొడుక్కునే తోలు దిండ్లు అవి, ఎదురుగా నిలబడి బాక్సర్ కొట్టే ప్రతి గుద్దునీ వాటితో పట్టాలి. పట్టడం ఎవడైనా పడతాడు, అందులో ఏముందో చెప్పాలి. పిడికిలిలో మొదటి రెండు కణుపులూ సరిగ్గా తగిలితే అరచేతి నడుమ రెండు చుక్కలు పెట్టినట్టు తెలుస్తుంది. దెబ్బ చిటికెనవేలి వైపు జారిందంటే ఎముక ఇవాళ కాకపోతే రేపు విరుగుతుంది. మణికట్టు వంగిందంటే ఆ గుద్దు కొట్టినట్టు ఉండదు, నెట్టినట్టు ఉంటుంది. ఇవన్నీ తోలు దాటి, లోపలి మెత్తదనం దాటి, అరచేతికి వచ్చి చేరేవి, అతను విని రెండే మాటలు చెప్పేవాడు. బాగుంది. లేకపోతే, మళ్ళీ. అతని నోటివెంట 'బాగుంది' వచ్చిన రోజున పెద్దపెద్దవాళ్ళు కూడా ఈల వేసుకుంటూ ఇంటికి వెళ్ళేవాళ్ళు, ఎందుకంటే ఆ మాట మొహమాటానికి వచ్చేది కాదని అందరికీ తెలుసు. తనకీ తెలుసు. లోకంలో తనకంటూ ఉన్న ఆస్తి అదొక్కటే.

పెద్దావిడ ఉండబట్టలేక అడిగింది, "మీ అమ్మాయా బాబూ లోపల?" మేనకోడలండీ, అన్నాడు. "చెయ్యి వాచిపోయింది పాపం. ఎవరు కొట్టారు?" ఎవరూ కొట్టలేదండీ, తనే కొట్టింది. "ఎవర్ని?" నన్ను, అన్నాడు. ఆవిడ అతన్ని కిందనుంచి పైదాకా ఒకసారి చూసి, ఏం చేస్తే కొట్టిందోనని లెక్కలేసుకుని, ఇంకాస్త అవతలికి జరిగింది. నవ్వొచ్చే మాటే. పాత రోజుల్లో అయితే జిమ్‌కి వెళ్ళి పదిమందికి చెప్పి నవ్వించేవాడు. ఇప్పుడు ఇది నవ్వొచ్చే మాట అని గుర్తుపట్టాడు, అక్కడితో ఆగిపోయింది. ఆవిడ మోకాలి మీద రాసుకున్న మందు ఘాటుగా ఉంది. గురువుగారి గదిలో కూడా ఇలాంటి ఘాటే ఉండేది, మూలన బల్ల, బల్ల మీద చేతిపట్టీల చుట్టలు, గోడకి నిలువెత్తు అద్దం, ఆ అద్దం ముందే ఆయన తొలిసారి మెలిగుద్దు చూపించారు. దానికి వేరే పేరేదో ఉంది, పుస్తకాల్లో ఉండే పేరు, ఆయన మాత్రం మెలిగుద్దు అనే అనేవారు. ఎడమచెయ్యి బొటనవేలు పైకి ఉండగా బయల్దేరుతుంది. దారిలో మోచెయ్యి పక్కకి లేస్తుంది. ఆఖరి జానెడు దూరంలో పిడికిలి లోపలికి మెలితిరిగి, తగిలేసరికి బొటనవేలు నేలవైపు చూస్తుంది. ఎదుటివాడి చేతుల అడ్డాన్ని తప్పించుకుని పైనుంచి దిగుతుంది, ఎక్కడినుంచి వచ్చిందో వాడికి తెలియదు. "చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, అందుకే తొందరపడి నేర్చుకుని చేతులు విరగ్గొట్టుకుంటారు" అనేవారు. "ఎడమచేత్తో కుళాయి కట్టేసినట్టు తిప్పు. కానీ కట్టేది మణికట్టు కాదు, భుజం. మణికట్టులో మెలిక పెట్టావా, నీ చెయ్యి నీకు దక్కదు."

చీమకి తనూ అదే మాట చెప్పాడు. ఇంట్లో అందరూ మేనకోడల్ని చీమ అంటారు, పుట్టినప్పుడు అంత చిన్నగా ఉండేది, పాకడం వచ్చాక కనిపించిన ప్రతివాళ్ళ కాలూ కొరికేది. ఇరవై మూడేళ్ళొచ్చినా పొడుగు మాత్రం రాలేదు, చేతులు పొట్టివి, ఎదుటివాళ్ళ అడ్డాన్ని దాటి గుద్దు దిగాలంటే ఆ పిల్లకి మెలిగుద్దు ఒక్కటే దారి. అందుకే పట్టుబట్టింది. చెల్లెలు ససేమిరా అంది. పిల్ల కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తుంది, ఆవగింజంత మరల్ని బిగించే పని, కూచుని చేసే పని, ఎడమచెయ్యే వాటం. "అది అన్నం తినే చెయ్యి అన్నయ్యా, పని చేసే చెయ్యి కూడా అదే. నీ చేతుల్లో పెడుతున్నా" అంది. అలాగే అన్నాడు. అలాగే అని ఊరుకోలేదు, నిజంగానే నేర్పాడు, ఒక పద్ధతిలో నేర్పాడు, ఆ విషయంలో తనని ఎవరూ వేలెత్తి చూపలేరు. నెల రోజులు ఉత్త చేతులతో అద్దం ముందు, ఒక్కో గుద్దుకీ ఇరవై అంకెలు లెక్కపెట్టేంత నెమ్మదిగా. మోచెయ్యి ఎప్పుడు లేస్తోంది, భుజం గడ్డానికి అడ్డం వస్తోందా లేదా, ముందుకాలు అంగుళం బయటికి జరుగుతోందా లేదా, చెయ్యి పూర్తిగా చాచేయకుండా మోచేతిలో కాస్త వంపు మిగులుతోందా లేదా. వంపు మిగలకపోతే ఆ మెలికంతా భుజం కీలు మీద పడుతుంది. తర్వాత పట్టీలు చుట్టి, గ్లవ్స్ తొడిగి, ప్యాడ్ మీద ఊరికే ఆనించడం, కొట్టడం కాదు, ఆనించడం. తర్వాత పావు బలం. తర్వాత సగం. అది కుదిరాకే వేలాడే బ్యాగు మీద, ఆ పైన ప్యాడ్ మీద పూర్తి బలం, మనిషి మీద అన్నిటికంటే ఆఖరున. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి వెళ్ళాలంటే అతని అరచెయ్యి బాగుందనాలి, అదే తాళంచెవి. పద్ధతిలో ఎక్కడా లోటు లేదు. లోటంతా అరచేతిలోనే.

స్పర్శ పోవడం ముందు కాళ్ళతో మొదలైంది. ఒకరోజు బస్సు దిగి ఇంటికి నడిచొచ్చేసరికి భార్య గుమ్మంలో నిలబడి పగలబడి నవ్వింది, "రెండో చెప్పు ఎవరికి దానం చేసొచ్చారు?" అని. చూసుకుంటే కుడికాలికి చెప్పు లేదు. వెనక్కి వెళ్తే బస్సు ఆగేచోట ఒంటరిగా పడుంది, అక్కణ్ణుంచి ఇంటిదాకా కంకర రోడ్డు మీద ఉత్త కాలితో నడిచాడన్నమాట. తనూ నవ్వాడు. షుగరు పదేళ్ళుగా ఉంది, డాక్టరు పాదాలు చూసి తల పంకించి, చేతులెలా ఉన్నాయని అడిగాడు. బాగున్నాయండి, అన్నాడు. అప్పటికి బాగానే ఉన్నాయేమో. ఉన్నాయో లేదో ఇప్పుడు ఎలా చెప్పడం? ఒకరోజు పొద్దున లేచేసరికి ఠక్కున పోయి ఉంటే తెలిసేది, గోల పెట్టేవాడు, అందరికీ చెప్పేవాడు. వాడుతున్న సబ్బు అరిగినట్టు రోజుకి కాస్త పోయింది, ఉన్నదాంతో సరిపెట్టుకుంటూ, లేనిదాన్ని అలవాటుతో పూరించుకుంటూ వచ్చాడు. పొయ్యి మీంచి గిన్నె దించి బల్ల మీద పెట్టాక భార్య "గుడ్డ పట్టుకోలేదేంటండీ" అని చెయ్యి లాక్కుని చూస్తే బొటనవేలి మీద బొబ్బ లేచి ఉంది, ఆ రోజు మొదటిసారి వంటింట్లో నిలబడి తన అరచేతుల్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు. చూడ్డానికి ఎప్పటిలాగే ఉన్నాయి. ఆ మర్నాడు చీమకి సగం బలంతో పట్టాల్సిన రోజు. వెళ్ళాడు, తొడిగాడు, ఆమె కొట్టింది, ఏమీ రాలేదు. దూరంగా ఏదో బరువు చెయ్యిని వెనక్కి తోసింది, అది భుజానికి తెలిసింది, అంతే. రెండు చుక్కల్లేవు. ఆమె గడ్డం పైకెత్తి ఎదురుచూస్తోంది. మళ్ళీ, అన్నాడు. మళ్ళీ కొట్టింది. మళ్ళీ. పదిసార్లయ్యాక ఆ పిల్ల మొహం చిన్నబోయింది, పెదవి కొరుక్కుంటోంది, ఇంక చూడలేక, బాగుంది, అన్నాడు. ఆ మొహం విచ్చుకున్న తీరు ఇప్పటికీ కళ్ళముందుంది.

ఆ తర్వాత చెవులతో నెట్టుకొచ్చాడు. తోలు మీద గుద్దు సరిగ్గా పడితే ఒక చప్పుడుంటుంది, పొడిగా, చిన్నగా, ఠప్పున. వంకరగా పడితే చప్పుడు సాగుతుంది. ముప్పయ్యేళ్ళు విన్న చెవులు, అవి మోసం చేయవనుకున్నాడు. జిమ్‌లో పాత ప్యాడ్లు పాడైపోయి కొత్తవి వచ్చాయి, గట్టి తోలు, వాటి మీద ఏది పడినా పెళపెళలాడుతుంది, దోమ వాలినా మోగేలా ఉన్నాయని తనే అన్నాడు, అందరూ నవ్వారు. చప్పుడుకి చప్పుడుకి మధ్య తేడా దొరకడం మానేసింది. అప్పుడు మొదలుపెట్టాడు ఆ పని. ఆ పని చేసేవాళ్ళంటే తనకి ఒళ్ళుమంట. గుద్దు వచ్చి తగిలేదాకా ఆగకుండా ప్యాడ్‌నే ముందుకు తోసి గుద్దుకి ఎదురు కొడతారు, చప్పుడు బ్రహ్మాండంగా వస్తుంది, కొట్టినవాడికి తను పెద్ద వస్తాదునన్న భ్రమ కలుగుతుంది. చప్పట్లగాళ్ళు అనేవాడు వాళ్ళని. "పట్టమంటే చప్పట్లు కొడతారేంట్రా" అని ఒకణ్ణి అందరిముందూ కడిగేశాడు కూడా. మామూలు గుద్దుకైతే అది మోసమే గానీ ప్రమాదం లేదు. మెలిగుద్దుకి ఆఖరి జానెడే ప్రాణం. ఆ జానెడులోనే పిడికిలి తిరగాలి, తిరిగి మణికట్టు సర్దుకోవాలి, అప్పుడు తగలాలి. రెండంగుళాలు ముందుగా ప్యాడ్ ఎదురొచ్చిందంటే సగం తిరిగిన పిడికిలి దాంట్లో ఇరుక్కుంటుంది, వెనకనుంచి భుజం తిప్పుతూనే ఉంటుంది, ఆ తిప్పుడంతా ఎక్కడికి పోవాలి, మణికట్టుకే పోవాలి. ఇదంతా తనకి తెలుసు. నోట్లో వేలు పెడితే కొరకలేని కొత్తవాడికి తెలియకపోవచ్చు, తనకి తెలుసు. తెలిసే, మొదట అర అంగుళం, తర్వాత అంగుళం, ఎందుకంటే ఆ ఠప్పుమన్న చప్పుడు వస్తే బాగుంది అనడానికి నోరు పెగిలేది. ఇవాళ పొద్దున పూర్తి బలం. రెండంగుళాలు. చప్పుడు ఎంత బాగా వచ్చిందంటే అవతలి మూలన తాడు దూకుతున్నవాళ్ళు ఆగి చూశారు. ఆమె మోకాళ్ళ మీద పడేలోపే అతను, బాగుంది, అనేశాడు.

ఎర్రబల్బు ఆరిపోయింది. లేచి నిలబడ్డాడు. తెల్లకోటు మనిషి తల బయటపెట్టి, "లోపల్నుంచే డాక్టరు దగ్గరికి పంపించాం, మీరు కూర్చోండి సార్" అని తలుపు వేసుకున్నాడు. కూర్చున్నాడు. ఫోను మోగింది, మోగుతున్నట్టు చెవికి తెలిసి జేబులోంచి తీశాడు, చెల్లెలు. "ఏమన్నారన్నయ్యా?" ఇంకా చూస్తున్నారు. "విరిగిందా?" తెలీదు. "నువ్వున్నావుగా పక్కన, అదే నాకు ధైర్యం. దానికీ అంతే. పోటీలు పోతే పోయాయి, చెయ్యి బాగుంటే చాలని చెప్పు, నేను చెప్తే వినదు." చెప్తాను, అన్నాడు. ఎంపిక పోటీలు ఐదు వారాల్లో ఉన్నాయి. రెండేళ్ళుగా ఆ పిల్ల తినేదీ తాగేదీ నిద్రపోయేదీ వాటికోసమే. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. తనే ఆలస్యంగా తిప్పానని ఆ పిల్లే అంది, ఆ మాట మీదే ఉంటుంది, కట్టు విప్పాక మళ్ళీ అద్దం ముందు నిలబడి, లేని తప్పుని తన చేతిలో వెతుక్కుంటుంది, నెలల తరబడి వెతుక్కుంటుంది, దొరకదు, ఇక తనకి చేతకాదేమో అనుకుంటుంది. అతను మాత్రం వయసైపోయిందనో, నడుం నొప్పనో చెప్పి పరువుగా పక్కకి తప్పుకోవచ్చు, శాలువా కప్పుతారు, త్రాసుగారి గురించి నాలుగు మంచిమాటలు చెప్తారు. చెప్తే, ముప్పయ్యేళ్ళ 'బాగుంది'లన్నీ తిరగబడతాయి. ఎవడికి నిజంగా అన్నాడు, ఎవడికి ఊరికే అన్నాడు, ప్రతివాడూ ఇంటికెళ్ళి తన చేతుల వంక అనుమానంగా చూసుకుంటాడు. ఇంత ఆలోచిస్తున్నా ఒంటి మీద ఎక్కడా చెమట పట్టలేదు. చేతులతో పాటే లోపలిది కూడా పోయిందా, లేక ముందు లోపలిది పోయి తర్వాత చేతులు పోయాయా, ఆ షుగరు డాక్టర్ని అడిగితే నవ్వుతాడు.

పక్క తలుపు తెరుచుకుని చీమ వచ్చింది. మోచేతి నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా తెల్లటి కట్టు, మెడలోంచి వేలాడే పట్టీలో చెయ్యి. "విరగలేదు మామయ్యా" అంది, అతనికేదో శుభవార్త చెప్తున్నట్టు. లోపల ఎముకల్ని పట్టి ఉంచే నారలు బాగా సాగిపోయాయట, ఆరు వారాలు కట్టు విప్పకూడదట, ఆ తర్వాత నెలరోజులు ఏవో వ్యాయామాలు, అప్పుడు షాపు పనికి వెళ్ళొచ్చట. పోటీలకి మిగిలింది ఐదు వారాలే. "వచ్చే ఏడు చూసుకుందాంలే" అంది. బెంచీ మీద పక్కన కూర్చుంది. "ఈసారి అద్దం దగ్గర్నుంచి మొదలుపెడదాం. నా తిప్పడంలోనే ఏదో తేడా ఉంది మామయ్యా. నువ్వు నెమ్మదిగా పట్టి చూడు, నీ చేతికి దొరక్కపోదు."

"నీలో తేడా ఏం లేదు" అన్నాడు. అని, ఆగి, ఇంక ఆగడానికి ఏమీ లేదనిపించి, "నేను ముందుకొచ్చాను. రెండంగుళాలు" అన్నాడు.

"నువ్వా? నువ్వెందుకొస్తావ్?"

"చప్పుడు కోసం." ఆమె ఇంకా అర్థం కానట్టే చూస్తోంది. "నా చేతులకి తెలియడం లేదే. చాలా రోజులైంది. నువ్వెలా కొడుతున్నావో నాకేం తెలియడం లేదు."

ఆమె నవ్వబోయింది, అతని మొహం చూసి మానేసింది. "ఎన్నాళ్ళు?" ఆరు నెలలు, అన్నాడు, ఎనిమిదేమో. "ఆరా? ఎనిమిదా?" తెలీదు. "కాలు జరపడం సరిచేసుకున్నాక బాగుందన్నావు. అది?" తెలీదు. "బ్యాగు మీదకి వెళ్ళొచ్చన్నావు. అది?" చెవితో అన్నాను, అన్నాడు. "పోయిన నెల వరసగా ఇరవై బాగున్నాయన్నావు మామయ్యా. ఇంటికెళ్ళి అమ్మని కూచోబెట్టి చెప్పాను. సంతోషంతో నిద్రపట్టలేదు నాకు." ఆమె గొంతు పెంచలేదు, పెంచితే బాగుండేది. "ఒక్కటైనా నిజమా?" అని అడిగింది, చాలా మెల్లగా, షాపులో బిగించిన జోడు పెట్టి, కనిపిస్తోందా అని ఎదుటివాళ్ళని అడిగినట్టు. ఉండి ఉండొచ్చు. చాలా వరకు నిజమే అయి ఉండొచ్చు, పిల్ల బాగా కొడుతుంది, కళ్ళకి కనిపిస్తూనే ఉండేది, ఆ మాట చెప్పొచ్చు, చెప్తే కాస్త ఊరట. కానీ కళ్ళు కాదు కదా ఆమె నమ్ముకున్నది. "తెలీదమ్మా" అన్నాడు.

పెద్దావిడని ఎవరో పేరు పెట్టి పిలిచారు, ఆవిడ మోకాలు పట్టుకుని లేచి, వీళ్ళిద్దరినీ తప్పుకుంటూ లోపలికి వెళ్ళింది. బల్బు మళ్ళీ వెలిగింది. చీమ బెంచీ మీదనుంచి జారి అతని ముందు నేల మీద మోకాళ్ళూని కూర్చుంది. "చెయ్యి ఇలా పెట్టు" అని అతని కుడిచేతిని తీసుకుని బెంచీ మీద వెల్లకిలా పెట్టింది. "కళ్ళు మూసుకో." మూసుకున్నాడు. మూసుకోగానే చెయ్యి ఎక్కడుందో కూడా తెలియకుండా పోయింది, భుజం దగ్గర్నుంచి కిందకి ఒక ఖాళీ. అరచేతి నడుమ రెండు చుక్కల కోసం వెతికాడు. ముప్పయ్యేళ్ళు అవి ఎక్కడ పడేవో ఆ చోటు గుర్తుంది, అక్కడికి మనసుని తీసుకెళ్ళి నిలబెట్టి ఎదురుచూశాడు. నడవాలో ఎవరో చక్రాల బల్ల తోసుకుపోతున్న చప్పుడు, ఎవరిదో దగ్గు, ఆమె ఊపిరి, దగ్గరగా, ముక్కు ఎగబీల్చుకుంటోంది. "చెప్పు మామయ్యా" అంది. బాగుంది అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది, అలవాటు మీద వచ్చింది, మింగేశాడు. "పెట్టలేదుగా ఇంకా" అన్నాడు.

కళ్ళు తెరిచాడు. ఆమె కుడి పిడికిలి అతని అరచేతిలో ఉంది. మొదటి రెండు కణుపులూ సరిగ్గా నడుమ ఆనించి, మోకాళ్ళ మీదనుంచి పైకి లేచి, ఒంటి బరువంతా దాని మీద వేసి నొక్కుతోంది. కణుపులు తెల్లబడిపోయాయి, ఏడుపుతో మొహమంతా ఎర్రగా కందిపోయింది. మణికట్టు మాత్రం తిన్నగా ఉంది. ఎప్పటినుంచి అలా నొక్కుతోందో అతనికి తెలియదు.